పట్టాలు దిగాక

ఇరవై తొమ్మిదేళ్ళు ఈ ఊరిని
కుర్చీలో కూర్చునే చూశాను.
ట్రాము నడిపేదాన్ని.
ముందు రెండు ఇనుప గీతలు,
అవి ఎటు తిరిగితే అటే నా అభిప్రాయం.

వూచ్ అంటే మా పోలిష్ భాషలో పడవ.
ఊరంతా గాలించినా నది కనపడదు.
ఈ ఎగతాళి మాకు పుట్టుకతో అలవాటే.

రిటైరైన మూడో వారం, నవంబరు తుంపర,
మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరమ్మ అంటే
నా రూటునే నడుద్దామని బయల్దేరాను.
మొదటి మలుపులోనే ఓడిపోయాను.
ట్రాము ఎడమకి తిరిగేది
కాళ్ళు కుడికి తిరిగాయి.
నేనేమీ అనలేదు.
ఇన్నేళ్ళు పెడల్ మీద పడి ఉన్నాయి పాపం,
ఒక్క రోజు వాటి మాట చెల్లనీ అనుకున్నాను.

ఆలస్యమైతే కారణం రాయాలి, అది డిపో నియమం.
ఖాళీ పుస్తకం ఒకటి ఇంకా కోటు జేబులోనే ఉంది.

బ్యాంకు అద్దాల గోడ పక్కన:
వేగం పెరిగింది. పొట్ట లోపలికి లాక్కున్నాను.
చూసేవాళ్ళెవరూ లేరు, అద్దంలో బోగ్నా తప్ప.

పోలీసు స్టేషను ముందు:
చేతులు జేబుల్లోంచి వాటంతటవే బయటికొచ్చాయి.
మా నాన్న చేతులూ సరిగ్గా ఇక్కడే బయటికొచ్చేవి.
ఆ ప్రభుత్వం పోయింది.
గోడకి ఎవరూ చెప్పలేదు.

ఎర్ర ఇటుకల మిల్లు, ఇప్పుడు షాపింగ్ మాల్:
మా పెద్దమ్మ చెవులు ఇక్కడి మగ్గాలకే పోయాయి,
బతికినన్నాళ్ళూ పలకరింపు కూడా అరుపే.
లోపల ఎక్కడో మెత్తగా పియానో.
ఎస్కలేటర్ మీది కుర్రాడు తిరిగి చూశాడు,
నాలో నేను మాట్లాడుకుంటున్నానని అప్పుడు తెలిసింది,
అదీ పెద్దమ్మ గొంతుతో.

ఆ వెనక సందులోంచి ఒక లోపలి వాకిలి.
నాలుగు వైపులా ఐదేసి అంతస్తులు,
పైన రుమాలంత ఆకాశం,
ఉడుకుతున్న క్యాబేజీ వాసన.
ఒకాయన తివాచీని కర్రతో బాదుతున్నాడు.
ఎవరి కోసం వచ్చారన్నాడు.
ఎవరి కోసమూ కాదన్నాను.
ఆ మాట నోటితో అనడం అదే మొదలు.
"అయితే ఆ చివర పట్టుకోండి" అన్నాడు.
పట్టుకున్నాను.
వీధిలో అయితే
ఈపాటికి సంచీ గుండెకి హత్తుకుని ఉండేదాన్ని.
ఇక్కడ దుమ్ము మీద పడుతుంటే ఇద్దరం తుమ్మాం, నవ్వాం.
పేరు లుబోమిర్.
తివాచీ మడత పెట్టడం ఇద్దరి పని అని
ఆవిడ పోయాకే తెలిసిందట.

ఇంకో చోటు ఉంది.
పార్కు దాటాక, మందుల దుకాణం ఎదుట,
చూడ్డానికి ఏమీ లేని చోటు.
సోమవారం అక్కడ అడుగు నెమ్మదించింది.
బుధవారమూ అంతే.
శుక్రవారం గట్టిగా అనుకుని మరీ వేగంగా వెళ్ళాను,
అయినా అక్కడికి రాగానే
నోరు జారినట్టు కాలు జారి మెల్లగా పడింది.

"కింద నది ఉంది" అన్నాడు లుబోమిర్.
మిల్లుల రంగునీళ్ళ కంపు భరించలేక
ఎప్పుడో గొట్టంలో పెట్టి మూసేశారట,
మీద రోడ్డు, రోడ్డు మీద పట్టాలు.
వంగి ఇనుప జల్లెడకి చెవి పెట్టాను.
తుంపరో, నదో, నా మోకాళ్ళ చప్పుడో.
కాళ్ళకి తెలుసనే అనడానికి నాకు ధైర్యం లేదు.
డాక్టరమ్మకి మాత్రం చెప్పలేదు.

నిన్న వాన ఎక్కువై ట్రాము ఎక్కాను.
నడుపుతున్నది జ్వీనిస్వావా, నేను నేర్పిన పిల్లే.
మందుల దుకాణం ఎదుట
స్టాపు లేదు, సిగ్నల్ లేదు, అడ్డం ఎవరూ లేరు.
అయినా కాస్త బ్రేకు వేసింది,
పడుకున్న పిల్లాడి పక్కనుంచి వెళ్ళేవాళ్ళలా.
మూడు సెకన్లు.
ఎందుకని అడుగుదామనుకున్నాను.
అలా నేర్పింది నేనేనేమో.

పుస్తకంలో టైము వేశాను,
చోటు రాశాను.
ఆలస్యానికి కారణం అన్న గీత మీద
కలం పెట్టి
నా స్టాపు దాటిపోయేదాకా అలాగే ఉన్నాను.